గట్టు మీది ఇల్లు, జాబితాలోని పేరు

(నెల్లూరులో గృహవసతిపై జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నెల్లూరు నగరపాలక సంస్థకు 2021 నవంబరు 15న పోలింగు జరిగింది. 17న ఫలితాలు వెలువడి 54 డివిజన్లకూ సభ్యులు ఖరారయ్యారు. ఆ వెంటనే పెన్న పొంగింది. భగత్ సింగ్ కాలనీ, వేంకటేశ్వరపురం ప్రాంతాల్లో ఇళ్లు నీట మునిగాయి. పడుగుపాడు దగ్గర రైలుకట్ట కోతకు గురైంది. వేలి మీది సిరాచుక్క చెరగకముందే ఓటరు ఇల్లు మునిగిన ఆ వారాన్ని మనం మరచిపోలేదు.

నదీగర్భంలో ఇళ్లు ఉండకూడదన్న మాటను మనమూ అంగీకరిస్తాం. వరద వచ్చినప్పుడు బిడ్డను భుజాన వేసుకొని గట్టెక్కేది మనమే. అక్కడికి చేరింది ఇష్టపడి కాదు. పట్టణం లోపల అద్దె మోయలేక కొందరం చేరాం. పేరు అడిగిన తరువాత "ఇల్లు ఖాళీ లేదు" అని చెప్పినందువల్ల మరికొందరం చేరాం. ముస్లింలకు అద్దె ఇల్లు దొరకడం కష్టమవుతున్నదని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక కూడా నమోదు చేసింది.

మన అభ్యంతరం నిబంధన మీద కాదు, అది అమలయ్యే తీరు మీద. మన రాష్ట్రంలో అనుమతి లేని భవనాలకు 2015లోనూ, అనుమతి లేని లేఅవుట్లకు 2020లోనూ క్రమబద్ధీకరణ పథకాలు వచ్చాయి. రుసుము చెల్లించగలిగినవారి ఉల్లంఘన సక్రమమైంది. చెల్లించలేనివారిది ఆక్రమణగానే మిగిలింది.

అలాగని నిబంధనలను పక్కన పెట్టి ఇళ్లు ఇమ్మని కోరడం కూడా మనకు మేలు చేయదు. అమరావతిలో ఏం జరిగిందో చూశాం. పేదల ఇళ్ల కోసం ఆర్-5 జోన్ ఏర్పరచి, 2023 మే 26న దాదాపు యాభై వేల కుటుంబాలకు పట్టాలు పంచారు. ఆగస్టులో హైకోర్టు నిర్మాణాన్ని నిలిపివేసింది. పట్టా చేతికి వచ్చింది గాని గోడ లేవలేదు. కనుక స్థలం బృహత్ప్రణాళికలో నివాస ప్రాంతంగా ముందే ఖరారు కావాలి. వివాదంలో చిక్కే భూమిని పేదవాడికి అంటగట్టడం దానం అనిపించుకోదు.

న్యాయస్థానాల మాటనూ జాగ్రత్తగా చదవాలి. కూల్చివేతకు ముందు పదిహేను రోజుల నోటీసు తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2024 నవంబరు 13న తీర్పు ఇచ్చింది. మనవాళ్లు సంతోషించారు. అయితే రోడ్లు, కాలిబాటలు, నదులు, జలవనరుల వంటి చోట్ల అనధికారికంగా ఉన్న కట్టడాలకు ఆ ఆదేశాలు వర్తించవని అదే తీర్పు చెప్పింది. గట్టు మీది ఇంటికి ఆ రక్షణ లేదు. ఈ సంగతి మనవారికి మనమే చెప్పాలి.

మరి దారి ఏమిటి? 1985 నాటి ఓల్గా టెల్లిస్ తీర్పును గుర్తు చేసుకుందాం. జీవనోపాధి జీవించే హక్కులో భాగమని చెప్పిన ఆ తీర్పే బొంబాయి కాలిబాటల మీది నివాసులను తొలగించడానికీ అనుమతించింది. ప్రత్యామ్నాయ స్థలం ఇవ్వవలసింది 1976 గణనలో లెక్కకు వచ్చినవారికని చెప్పింది. అక్కడ ఆధారమైంది కన్నీరు కాదు, లెక్కలో ఉన్న పేరు.

అందువల్ల నగరపాలక మండలిని మనం నాలుగు విషయాలు కోరుదాం. మొదటిది, గట్టున ఉన్న ప్రతి కుటుంబాన్నీ, అద్దెకున్నవారితో సహా, సర్వే చేసి జాబితాను బహిరంగంగా అతికించాలి. రెండవది, కొత్త ఇంటి తాళంచెవి ఇచ్చిన తరువాతే పాత ఇంటిని తొలగించాలి. మూడవది, పని, బడి, ఆసుపత్రి అందుబాటులో ఉన్నచోటనే ఇల్లు ఇవ్వాలి. ఊరి చివర మూడు వందల చదరపు అడుగులిచ్చి రోజు కూలిలో కొంత ఆటోకు పోయేటట్లు చేస్తే అది పునరావాసం కాదు. నాల్గవది, నోటీసులు తెలుగుతోపాటు ఉర్దూలోనూ ఉండాలి. 2022 నుంచి ఉర్దూ మన రాష్ట్రానికి రెండవ అధికార భాష.

మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగమే నిర్దేశించింది. ఆ కమిటీలను అడుగుదాం, అందులో కూర్చుందాం. ఇది మన ఒక్కరి గోడు కాదు. గట్టున మన పక్కింట్లో ఉన్న దళితులు, యానాదులు, వలస కూలీలు అందరిదీ. పెన్న ఇంటిపేరు అడిగి పొంగదు.

ఈ సాయంత్రం ఇంటికి వెళ్లగానే ఒక పని చేద్దాం. రేషను కార్డు, ఆధారు, కరెంటు బిల్లు, పిల్లల బడి కాగితాలు ఒక సంచిలో పెట్టి పైన అటక మీద ఉంచుదాం. మరుసటి వరదలో ముందుగా కాపాడుకోవలసింది ప్రాణాలను, ఆ తరువాత ఆ సంచిని.