డౌన్‌లోడు నత్తనడక నడిస్తే
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాత కంప్యూటరు కోసం ఉచిత లినక్స్‌ను టోరెంటులో దించుకుంటూ, వేగం లేదని పెద్ద ప్లానుకు పెన్షను డబ్బు పోయకండి. ముందు మూడు సంగతులు చూడండి.

ఒకటి, లెక్క. 8 బిట్లు ఒక బైటు. 100 మెగాబిట్ల కనెక్షనుకు సెకనుకు 12.5 మెగాబైట్లే గరిష్ఠం.

రెండు, సీడర్లు. పూర్తి ఫైలు ఉన్నవారు ఒకరిద్దరే అయితే, మనకు నెమ్మదిగా రావచ్చు.

మూడు, అప్‌లోడు. 2001లో బ్రామ్ కోహెన్ రూపొందించిన బిట్‌టోరెంటులో ఇచ్చేవారికే ముందు ముడుతుంది. బొత్తిగా బిగించినా, లైను నిండేలా వదిలినా రాక తగ్గుతుంది. సుమారు 80 శాతం వద్ద ఉంచండి.

ఫైర్‌వాల్ మాత్రం ఆపకండి. ఆ ప్రోగ్రాము ఒక్కదానికే అనుమతివ్వండి.

పని కాగానే మూసేయక కొంతసేపు ఉంచండి. మరొకరు అలా ఉంచబట్టే మనకు దక్కింది.