కెమేరా యెదుటి మనిషి

మోడళ్ల ఛాయాచిత్రములు తీయుటను వృత్తిగా చేపట్టవలెనను కోరిక నేడు పెక్కుమంది యువతీయువకులలో కనబడుచున్నది. వారు నాయొద్దకు వచ్చి మొట్టమొదట నడుగు ప్రశ్న యొక్కటే: "ఏ కెమేరా కొనమందురండీ?" నేను వారిని తిరిగి యడుగుదును: "ఎవరి చిత్రము తీయదలచినారు?" ఈ రెండవ ప్రశ్నకు జవాబు లేనివారికి మొదటి ప్రశ్నతో పని లేదు. ఈ విద్యకు మూలధనము యంత్రము కాదు. ఎదుట కూర్చున్న మనిషి మనయందుంచు నమ్మకము. శ్రోతలకు నేను మనవి చేయదలచిన దంతయు నిదియే.

మోడలనగా అందగత్తె యని కొందరి యూహ. అది సరికాదు. తన రూపమును ఇతరుల పనికై కొంతసేపు ఎరువిచ్చు మనిషి మోడలు. పెండ్లిచిత్రము తీయించుకొనువారు దానిని తామే చూచుకొందురు. నచ్చకున్న పెట్టె యడుగున పడవేయుదురు. మోడలు చిత్ర మట్లు కాదు. చీర నమ్ముటకో, నగ నమ్ముటకో, ఒక చిత్రకారుని భావమునకు రూపమిచ్చుటకో, అది ముక్కుమొగ మెరుగని వేలమంది కన్నుల బడును. ముఖము ఒకరిది, ప్రయోజనము మరియొకరిది. ఈ భేదమును మరచినవాడు ఈ వృత్తిలో నిలువలేడు.

ప్రారంభమునకు వయస్సును, వసతులును అడ్డములు కావు. జూలియా మార్గరెట్ కామెరాన్ అను నామె 1815లో మన కలకత్తాలోనే జన్మించెను. 1863 డిసెంబరులో, తన నలువదియెనిమిదవ యేట, కూతురును అల్లుడును కానుకగా నిచ్చిన కెమేరాతో ఇంగ్లండులోని వైటు ద్వీపమున ఆమె ఈ పని మొదలిడెను. అద్దపు పలకలు కప్పిన కోళ్లగూడే ఆమె స్టూడియో. బొగ్గులు పోసుకొను గదియే ఆమె చీకటిగది. ఆమె మోడళ్లెవరు? ఇంటి పనికత్తెలు, బంధువుల పిల్లలు, ఇరుగుపొరుగువారు. మేరీ హిల్లియరు అను పరిచారిక చేత పలుమారులు మేరీమాత వేషము ధరింపజేసి చిత్రములు తీసెను. ఆ కాలపు పలకలకు వెలుగు పట్టుటకు కొన్ని నిమిషములు పట్టెడిది. అంతసేపు కదలక కూర్చుండుటకు ఎదుటివారికి ఎంత యోరిమియు, ఎంత స్నేహమును ఉండవలెనో యోచింపుడు.

మన ప్రాంతమునందును ఒక గొప్ప యుదాహరణము గలదు. లాలా దీనదయాళు 1844లో మీరటు చెంతనున్న సర్ధానాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో పబ్లిక్ వర్క్సు శాఖలో నక్షాలు గీయు నుద్యోగములో చేరెను. ఆ యుద్యోగము చేయుచునే 1870 దశాబ్దిలో కెమేరా చేపట్టెను. తరువాత ఆరవ నిజాము మహబూబు అలీఖాను ఆస్థానమున ఛాయాగ్రాహకుడై, సికింద్రాబాదులో స్టూడియో తెరచెను. 1892లో హైదరాబాదున ఘోషా స్త్రీలకై ప్రత్యేకముగ నొక స్టూడియో నెలకొల్పి, దానిని ఒక ఆంగ్లవనిత చేతిలో పెట్టెను. అప్పటికి ఆయనకు మంచి కెమేరాలు లేకపోలేదు, పేరును లేకపోలేదు. లేనిది, స్త్రీలు వెఱపు లేక కూర్చుండగల గది. ఆ గదిని గూర్చి యోచించుటయే ఆయన వృత్తిజ్ఞానము. ఉద్యోగము చేయుచునే పని నేర్చుకొన్న ఆయన మార్గము నేటి యువకులకును క్షేమకరము.

ఇక సాధన విషయము. మొదటి ఆరుమాసములకు చేతిఫోనులోని కెమేరాయైనను చాలును. ఒక్క కిటికీని, ఒక్క మనిషిని ఎన్నుకొనుడు. ఉత్తరపు కిటికీయైనచో మరియు మంచిది. ఎండ నేరుగా పడక వెలుగు రోజంతయు మెత్తగా నుండును. మీ అక్కగారినో, పిన్నిగారినో, స్నేహితునో ఆ కిటికీ ప్రక్కన కూర్చుండబెట్టి, ముఖమును కొంచెము కొంచెముగా త్రిప్పించుచు, నీడ ముక్కు ప్రక్కనుండి చెంపమీదికి ఎట్లు జరుగుచున్నదో చూడుడు. అవతలి చెంప మరీ చీకటియైనచో ఒక తెల్లని పంచెను ఆ వైపున పట్టించుడు. కన్నులలో వెలుగుచుక్క కనబడుచున్నదా యని పరీక్షింపుడు; అది లేని చూపు జీవములేనిదిగ దోచును. దీపముతో పనిచేయునపుడు ఒక లెక్క గుర్తుంచుకొనుడు: చిన్న దీపమునకు రెండడుగుల దూరమున నున్న ముఖము నాలుగడుగులకు జరిగినచో, దానిపై పడు వెలుగు నాలుగవవంతే యగును.

చాలమంది ముఖమునకు మిక్కిలి చేరువనుండి చిత్రము తీయుదురు. అడుగున్నర దూరమునుండి తీసినచో ముక్కు పెద్దదిగను, చెవులు చిన్నవిగను కనబడును. ఇది లెన్సు దోషము కాదు, దూరముయొక్క ఫలము. ఐదారడుగులు వెనుకకు జరుగుడు. ముప్పదియైదు మిల్లీమీటర్ల ఫిలిము కొలతగల కెమేరాలకు 85 మొదలు 105 మిల్లీమీటర్ల వరకు గల లెన్సులు ముఖచిత్రములకు తగినవని చెప్పుటకు కారణ మిదియే: అవి మనలను దూరముగ నిలువబెట్టును.

మేనిచాయను గూర్చి యొక మాట గట్టిగ చెప్పవలసియున్నది. గడచిన శతాబ్దమున రంగు ఫిలిము ముద్రణశాలలలో రంగులు సరిచూచుకొనుటకై వాడిన కార్డులపై చాలకాలము తెల్లజాతి యువతుల బొమ్మలే యుండెడివి. వానిని షర్లీ కార్డు లనెడివారు. చామనచాయ, నలుపు ఆ కొలతలో చేరలేదు. నేటి కెమేరా కూడ తెలివితక్కువదే: తెల్లచీర కట్టిన నల్లని ముఖమును చూచి, తెలుపు హెచ్చైనదని తలచి వెలుగు తగ్గించును, ముఖము మసిబారును. కావున వెలుగును చీరమీద గాక ముఖముమీద కొలువుడు. ఆ పైన, ఎవరును అడుగకుండ వారి రంగును తెల్లబరపకుడు. మనిషి తన ముఖమును మన కప్పగించినది మార్చుటకు కాదు.

ఎదుటివారి బెరుకును పోగొట్టుట సగము విద్య. "నవ్వండి" యన్నచో పండ్లు కనబడునే గాని నవ్వు రాదు. నేను చేతులకు పని కల్పింతును. దోసెడు మల్లెమొగ్గలు, దారపుండ నిచ్చి "మాల కట్టండమ్మా" యందును. ఐదు నిమిషములలో వ్రేళ్లు తమ సహజమైన తీరులో పడును, భుజములు దిగును, కన్నులు మెత్తబడును. పమిట సరిచేయవలసివచ్చినచో నోటితో చెప్పుదును, చేయి చాపను. గదిలో ఆమె వెంట వచ్చినవారెవరైన నుండవలెనని నేనే కోరుదును. తీసిన చిత్రములను అప్పటికప్పుడు ఆమెకు చూపి, ఆమె వలదన్నదానిని ఆమె యెదుటనే తుడిచివేయుదును.

ఇందులో విశేష మేమని కొందర డుగవచ్చును. నే నెరిగిన యొక పట్టణములో కాలేజీలో చదువుచున్న యొక బాలిక, పని నేర్చుకొనుచున్న యొక ఫొటోగ్రాఫరుకు ఒక సాయంత్రము మోడలుగా కూర్చుండెను. మూడుమాసముల తరువాత ఆ చిత్రము బస్సులు తిరుగు వీధిలో ఒక దుకాణపు బోర్డుపై నిలువెత్తున వెలసెను. ఆమె తండ్రి దానిని చూచిన దినమున ఆమె చదువు ఆగిపోయెను. బోర్డు దింపించుటకు వారము పట్టెను. చదువు మరల సాగుటకు రెండేండ్లు పట్టెను. ఆ చిత్రములో అసభ్యత యేమియు లేదు. వెలుగు బాగున్నది, కూర్చున్న తీరు మర్యాదగ నున్నది. లేనిది ఆమె యనుమతి.

అందుచేత మొదటి దినమునుండియే ఒక కాగితము వ్రాసికొనుడు. చిత్రము ఎక్కడ, ఎంతకాలము, దేనికై వాడబడునో, అంతర్జాలమున పెట్టవచ్చునో కూడదో, ఎంత సొమ్ము ఇచ్చునదియు, తెలుగులో తేటగ వ్రాసి ఇరువురును సంతకములు చేయవలెను. పదునెనిమిదేండ్లు నిండనివారైనచో తలిదండ్రుల సంతకము తప్పదు. మరియు 1957 నాటి కాపీరైటు చట్టమునందు, పదునేడవ విభాగము ప్రకారము, వేరొప్పందము లేనప్పుడు, ఒకరు సొమ్మిచ్చి తీయించిన ఛాయాచిత్రమునకు తొలి హక్కుదారు తీయించినవారే. దుకాణదారుతో కుదుర్చుకొను నాడే ఈ సంగతి తేల్చుకొనుడు.

పెరుగుట యెట్లు? మంగళగిరి, గద్వాల, వెంకటగిరి, పోచంపల్లి వంటి నేతయూళ్ల చీరలు నేడు చిత్రములను చూచియే చాలమంది కొనుచున్నారు. నేతవారి కిట్టి చిత్రములతో పనియున్నది. చీరకు ఎదురుగ దీపము వెలిగించినచో జరీ తెల్లని మరకయగును. నేత చదునై పోవును. ప్రక్కనుండి వెలుగు వచ్చినచో పోగు పోగును కనబడును. అంచు, పమిట, కుచ్చెళ్లు మూడును తేటపడునట్లు తీసి యిచ్చినవానిని దుకాణదారు మరల పిలుచును. ఆ పనిచేయుచు అలంకరణము చేయువారితోను, దర్జీతోను, మోడళ్లతోను పొత్తు కుదుర్చుకొనవలెను. మూడువందల చిత్రములు తీసి మూడు మాత్రమే యెదుటివారికి చూపగల గుండెనిబ్బరము అలవరచుకొనవలెను. పదునైదు చిత్రములుగల సంపుటము చాలును. పదునారవది మునుపటివానిలో నొకదానికన్న మేలైనచో దానిని చేర్చి, దీనిని తొలగింపుడు.

ఒక ఫొటోగ్రాఫరు ఎదిగినాడో లేదో తెలిసికొనుటకు నాకు తెలిసిన కొలత యొక్కటి గలదు. బహుమానములు కాదు, కెమేరా వెల కాదు. ఒకసారి అతని యెదుట కూర్చున్న మనిషి, మరుసటి యేడు పిలిచినప్పుడు వచ్చునా? తన చెల్లెలిని వెంటబెట్టుకొని వచ్చునా? వచ్చినచో ఆ ఫొటోగ్రాఫరు పెరుగుచున్నాడు. రానిచో, ఎంత ఖరీదైన లెన్సు కొన్నను అతడింకను మొదటి మెట్టుమీదనే యున్నాడు.