ఇంజనీరింగు విద్యార్థియు, చరిత్ర సాహిత్యముల పరీక్షయు
(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కళాశాలలు తెరచు దినములలో మన యిండ్లలో తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు. "యంత్రములు నేర్వబోవు పిల్లవానికి చరిత్ర యెందుకు, సాహిత్య మెందుకు? ఎక్కడనో యొక పరీక్ష వ్రాసి వానిని వదిలించుకొనరాదా?" అని. దీనిని గూర్చియే నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ఈ ప్రశ్న నేటిది కాదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు అధ్యక్షత వహించిన విశ్వవిద్యాలయ విద్యా సంఘము 1949లోనే వృత్తివిద్యలు చదువువారికి గూడ సామాన్యవిద్య యవసరమని సూచించెను.

వేరొక పరీక్షతో క్రెడిట్లు సంపాదించు మార్గ మున్నమాట నిజమే. కేంద్ర ప్రభుత్వము 2017లో ప్రారంభించిన 'స్వయం' పాఠములలో చరిత్ర, తత్త్వశాస్త్రము, సాహిత్యము, అర్థశాస్త్రము అన్నియు గలవు. ఐ.ఐ.టి.ల ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠములలో వారవారము ఇంటిపని వ్రాసి, చివర పరీక్షాకేంద్రమునకు పోయి వ్రాయవలెను. ఇంటిపనికి 25 మార్కులు, పరీక్షకు 75. అందు 10, ఇందు 30 రాకున్న యోగ్యతాపత్రము లేదు. ఒక సెమిస్టరులోని మొత్తము పాఠములలో 40 శాతము వరకు ఇట్టి పాఠముల ద్వారా అంగీకరింపవచ్చునని యు.జి.సి. 2021 నిబంధనలు చెప్పుచున్నవి. 'అంగీకరింపవచ్చును' అనినారే గాని, ఏ పాఠమునైనను అంగీకరించి తీరవలెనని యనలేదు. చిక్కంతయు నిక్కడనే యున్నది.

మేమెరిగిన పిల్లవాడొకడు పన్నెండు వారములు రాత్రులు మేలుకొని యొక పాఠము పూర్తిచేసి, పత్రము చేతబట్టుకొని కళాశాలకు పోయెను. ముందుగా అనుమతి పొందలేదు గనుక అది లెక్కకు రాదనిరి. వాని తల్లి మా యింటికి వచ్చి కంట నీరు పెట్టుకొనెను. కావున రుసుము కట్టకముందే, ఏ పాఠమునకు బదులుగా ఏది చెల్లునో శాఖాధిపతిచే వ్రాతమూలముగా తెలిసికొనవలెను. నోటిమాటను నమ్మరాదు.

ఇక మన సెట్టికరై ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాల వంటి అన్నా విశ్వవిద్యాలయ అనుబంధ కళాశాలలలో, 2021 నియమావళి క్రింద చదువువారికి 'తమిళర్ మరబు', 'తమిళరుం తొళిల్‌నుట్పముం' అను రెండు పాఠములు 2022లో చేర్చబడినవి. ఒక్కొక్కదానికి ఒక క్రెడిట్. ఇవి ఐచ్ఛికములు కావు. తెలుగు పిల్లలపై ఇది బరువుగదా యని మనలో కొందరు నొచ్చుకొనిరి. మేమును మొదట అట్లే తలచితిమి. పాఠ్యక్రమము తెప్పించి చదివిన పిదప మా యభిప్రాయము మారినది.

అది తమిళముతో పాటు ఇంగ్లీషులోను అచ్చయినది. మొదటి పాఠము ద్రావిడ భాషలతో ఆరంభమగుచున్నది; మన భాష ఆ కుటుంబములోనిదే గదా! శిల్పభాగములో వీరగల్లులు గలవు. వాటిని చూచుటకు దూరము పోనక్కరలేదు, ధర్మపురి మ్యూజియములోనే నిలిచియున్నవి. ఎన్ని మారులు ఆ దారిన నడచియు లోనికి పోనివారము మనలో ఎందరో! రెండవ పాఠములో ఇనుము కరగించుట, చెరువులు, తూములు, నేతపని, వీనితో పాటు మధురలోని తిరుమల నాయకుని మహలు. నాయక రాజులు తెలుగువారు. ఆ కట్టడపు కథ మన పిల్లవానికి పరాయిది కాదు. ఇంటిలో తాత చెప్పవలసిన దానిని కళాశాల చెప్పుచుండగా వలదనుట యేల?

ఆ పిల్లవాడు మరుసటి సెమిస్టరులో మరల పేరు నమోదు చేసికొనెను. ఏ పాఠము సులభమని అడుగలేదు. దక్షిణదేశ చరిత్ర పాఠములున్నవా యని అడిగెను. ఈ మారు సంతకము చేయించిన కాగితము ముందుగా మాకు చూపి, ఆ తరువాతనే రుసుము కట్టెను.