చలికొండ మొక్క, మన పిల్లల భుజాన సంచీ



ఆగస్టు 9 అంటే గుస్సాడి గురించో, థింసా గురించో, కొమురం భీం గురించో మాట్లాడుకోవడం మనకు అలవాటు. ఈసారి గంజాయి గురించి మాట్లాడదామని మేమే అనుకున్నాం. మన కుర్రాళ్ల ఫోన్లలో ‘ఇండికా’, ‘సటైవా’, ‘చలిదేశపు స్ట్రెయిన్’ అనే మాటలు చాలానే తిరుగుతున్నాయి. అటు మన్యం కొండల్లో బయలుదేరే సరుకేమో ఈ వనస్థలిపురం పక్క రోడ్డు మీదుగానే పోతోంది.

ముందు మొక్క సంగతి. 1753లో లిన్నేయస్ ఐరోపాలో నార కోసం పెంచే పొడుగు మొక్కకు కన్నాబిస్ సటైవా అని పేరు పెట్టాడు. 1785లో లామార్క్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మన దేశం నుంచి వెళ్లిన మొక్కను చూసి ఇది వేరు అని ఇండికా అన్నాడు. అంటే ఇండియాది అని, అంతే. ఆ తర్వాత వ్యాపారులు హిందూకుష్ పర్వతాల వైపు దొరికే రకాలకు ఆ పేరు తగిలించారు. అవి పొట్టిగా, గుబురుగా పెరుగుతాయి. ఆకులు వెడల్పు, పూత తొందర. చలిదేశాల్లో మంచు పడేలోపే పూత ముగిసిపోవాలి కాబట్టి అక్కడివాళ్లకు అవి నచ్చాయి. రాత్రుళ్లు బాగా చల్లబడితే కొన్నిటి ఆకు, పూత ఊదారంగుకు తిరుగుతాయి. మన వంకాయ తొక్కలో ఉండే రంగు జాతిదే అది. ఫోటోలో బాగుంటుంది, మత్తుకూ దానికీ సంబంధం లేదు. ‘ఇండికా నిద్ర పుచ్చుతుంది, సటైవా హుషారిస్తుంది’ అనేది కూడా దుకాణం మాటే. జన్యు పరీక్షలు చేసినవాళ్లకు సీసా మీది పేరుకూ లోపలి రసాయనాలకూ పెద్దగా పొత్తు కుదరలేదు.

మన్యంలో దాన్ని ఎవరూ ఇండికా అనరు. పేరుమోసిన రకాన్ని ‘శీలావతి’ అంటారు. పతివ్రత పేరు మత్తుమొక్కకు పెట్టినవాడి తెలివికి నవ్వాలో ఏడవాలో తెలియదు. చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు వైపు కొండలు సముద్రమట్టానికి చాలా ఎత్తున ఉంటాయి. లంబసింగిలో చలికాలం పాదరసం సున్నా దగ్గరకు దిగుతుంది. వానల్లో నాటిన మొక్క, పగలు తగ్గి రాత్రి పెరిగే కాలానికి పూతకొస్తుంది. మనుషులు తేలిగ్గా రాలేని గెడ్డల అవతల పెంచారు. 2021 చివర పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో 7 వేల ఎకరాలకు పైగా తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోలు తగలబెట్టారు. తర్వాత సాగు చాలావరకు ఒడిశా వైపు కొండల్లోకి జరిగింది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. మనవాళ్లు అత్యాశతో వేశారని పట్నంలో కూర్చుని అనడం తేలిక. గింజ, పెట్టుబడి, బయానా అన్నీ కొండ దిగువనుంచే వచ్చాయి. ఆరు నెలల్లో చేతికి డబ్బు. అదే కొండ మీద, అదే చలిలో కాఫీ కూడా బాగా పండుతుంది. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే పాకే మిరియం. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ కాఫీ మొక్క కాపుకు రావాలంటే మూడు నాలుగేళ్లు ఆగాలి. ఆ నాలుగేళ్లు ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి అన్న ప్రశ్నకు జవాబు దొరికిన ఊళ్లే గంజాయి మానాయి, లేదా మానగలుగుతాయి. ఐటీడీఏ మొక్కలిస్తే చాలదు, కాపు వచ్చేదాకా చిరుపంటలకు, రాజ్మాకు, పసుపుకు సరైన ధర అందాలి. మన సంఘాలు అడగాల్సింది అది.

ఇక మన గుమ్మం ముందు సంగతి. విజయవాడ హైవే మీద వచ్చే బండి పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కుతుంది, లేకపోతే మన మీదుగా ఎల్బీనగర్ చేరుతుంది. అక్కడినుంచి మహారాష్ట్ర దాకా పోతుంది. హాస్టల్లో ఉంటూ ఫీజుకు తడుముకునే కుర్రాడికి ఎవరో వచ్చి ‘ఈ బ్యాగు ఫలానా చోట దించు, పనైపోతుంది’ అంటారు. సరుకు సొంతదారు ఆ బస్సులో ఉండడు. దొరికేది సంచీ పట్టుకున్నవాడే.

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టానికి ఇండికా, సటైవా, శీలావతి తేడా లేదు. అది బరువు చూస్తుంది. కిలో లోపు ఒక లెక్క, 20 కిలోలు దాటితే ఇంకో లెక్క. దాటితే పదేళ్లకు తక్కువ కాకుండా ఇరవై ఏళ్ల దాకా కఠిన శిక్ష, లక్షకు తగ్గని జరిమానా. బెయిలు కూడా మామూలు కేసుల్లాగా దొరకదు. మధ్యలో ఉంటే పదేళ్ల వరకు. సాగుకూ పదేళ్ల వరకే. ‘సంచీలో ఏముందో నాకు తెలియదన్నా’ అంటే సరిపోదు తమ్ముడూ. ఈ చట్టం కింద తెలియదని నిరూపించుకునే భారం నీ మీదే పడుతుంది. వొంటిమీద సోదా చేసేటప్పుడు గెజిటెడ్ అధికారి లేదా మెజిస్ట్రేట్ ఎదుట చేయమని అడిగే హక్కు నీకుంది. కానీ చేతిలోని సంచీకి ఆ రక్షణ వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది. కెనడాలో 2018 నుంచి అమ్ముతున్నారని, ఉత్తరాఖండ్‌లో సాగుకు అనుమతి ఉందని వాదించేవాళ్లుంటారు. ఉత్తరాఖండ్‌లో ఇచ్చింది మత్తు పదార్థం 0.3 శాతం దాటని నార మొక్కకు. ఎల్బీనగర్ కోర్టులో కెనడా చట్టం నడవదు.

తాగడానికి అలవాటు పడినవాళ్లను మేం తరిమేయం. చిన్న వయసులో మొదలుపెడితే మతిస్థిమితం దెబ్బతినే ప్రమాదం ఎక్కువ, అందుకే తొందరగా చెప్పండి. ఎర్రగడ్డ ఆసుపత్రిలో వైద్యం ఉంది, 14446కు ఫోన్ చేసినా దారి చెబుతారు. వాడకం కేసులో ఉన్నవాళ్లు తమంతట తాము చికిత్సకు వస్తే చట్టంలో కొంత వెసులుబాటు కూడా ఉంది.

ఇప్పటికే ఎవరి ఇంట్లోనైనా ఇలాంటి కేసు ఉంటే సిగ్గుపడి దాచకండి, భూమి అమ్మి వకీలును పెట్టకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం షెడ్యూల్డ్ తెగలవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. కుల ధ్రువపత్రం ఉంటే చాలు, ఆదాయ పత్రం అడగకూడదు. నంబరు 15100. ఇంటివాళ్లు చేసినా సరే, జైల్లో ఉన్నవాళ్లు జైలు అధికారి ద్వారా అర్జీ పంపినా సరే.