వెల ఆటగాడికా, ఒప్పందానికా?



బదిలీ అనే మాట మన సరిహద్దు ప్రాంతం వారికి కొత్తది కాదు. ఉపాధ్యాయులు బదిలీ అవుతారు, తహసీల్దార్లు బదిలీ అవుతారు. అంతెందుకు, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఊరికి ఊరే చిత్తూరు జిల్లాను విడిచి మద్రాసు రాష్ట్రంలో చేరింది. అయితే ఈ బదిలీల్లో మనిషిని తీసుకున్నవారు వదిలినవారికి డబ్బు కట్టడమనేది లేదు. ఫుట్‌బాల్ ఆటలో ఉంది. ఆటగాణ్ణి తీసుకునే క్లబ్బు, వదిలే క్లబ్బుకు చెల్లించే ఆ డబ్బునే ట్రాన్స్‌ఫర్ ఫీజు అంటారు. మనం బదిలీ రుసుము అనుకుందాం. ఈ రుసుము గురించి మన కుర్రకారు చేసే వాదనను గూర్చి ఈ పూట నాలుగు మాటలు చెప్పదలచాను.

ఆ వాదన మీరూ వినే ఉంటారు. తిరుత్తణి నుంచి అరక్కోణం, తిరువళ్ళూరు మీదుగా చెన్నైకి వెళ్ళే లోకల్ రైలులో సగం తమిళంలో, సగం తెలుగులో సాగుతూ ఉంటుంది. "ఏమన్నా, వెనక నిలబడే డిఫెండర్‌కు ఇన్ని కోట్లా? గోల్ వేసేవాడికిచ్చినా ఒక అర్థముంది" అంటాడొకడు. "గోల్ వేసేవాడు పదిసార్లు తప్పినా పదకొండోసారి వేస్తే హీరో. వెనక ఉండేవాడు ఒక్కసారి తప్పితే మ్యాచే పోతుంది గదా తమ్ముడూ" అంటాడు రెండోవాడు. స్టేషన్లు దాటుతాయి గాని వాదన తెగదు. ఇద్దరూ మాట్లాడుతున్నది ఆటగాడి వెల గురించి. అసలు ఆ రుసుము ఆటగాడి వెలేనా? మొదట తేల్చుకోవలసింది అది.

మన దేశంలో ఈ మధ్య జరిగిన ఒక వివాదాన్ని చూద్దాం. అన్వర్ అలీ అని పంజాబుకు చెందిన డిఫెండర్. 2017లో మన దేశంలో జరిగిన పదిహేడేళ్ళ లోపు బాలుర ప్రపంచ కప్‌లో భారత జట్టు తరఫున ఆడాడు. 2019లో అతనికి గుండె జబ్బు ఉన్నట్లు బయటపడింది. ఇక ఆడకూడదన్నారు. విషయం కోర్టు దాకా వెళ్ళింది. చివరకు 2021లో మళ్ళీ మైదానంలో దిగాడు. మరుసటి ఏడు భారత జట్టులో చోటు సంపాదించాడు. 2023లో కలకత్తాలోని మోహన్ బగాన్ క్లబ్బు అతణ్ణి ఢిల్లీ ఎఫ్‌సి నుంచి కొన్ని సంవత్సరాలకు అరువు పద్ధతిపై తీసుకుంది. ఏడాది తిరగగానే, 2024లో, అతడు ఆ ఒప్పందం నుంచి బయటికి వచ్చి, అదే నగరంలో మోహన్ బగాన్‌కు ఆగర్భ ప్రత్యర్థి అయిన ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు.

కలకత్తా అభిమానులు ఊరుకుంటారా? వాదనలు మిన్నంటాయి. 2024 సెప్టెంబరు 10న అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యవారి ఆటగాళ్ళ హోదా సంఘం తీర్పు చెప్పింది. అన్వర్ అలీ నాలుగు నెలలు ఆడరాదు. అతడు, ఈస్ట్ బెంగాల్, ఢిల్లీ ఎఫ్‌సి కలిసి మోహన్ బగాన్‌కు 12 కోట్ల 90 లక్షల రూపాయలు నష్టపరిహారం చెల్లించాలి. ఆ రెండు క్లబ్బులూ రెండు బదిలీ గడువుల పాటు కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకోరాదు. ఇదీ తీర్పు. మళ్ళీ ఢిల్లీ హైకోర్టు తలుపు తట్టారు. మూడు రోజులు గడిచేసరికి, ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుని అందరి వాదనలూ తిరిగి వింటామని సమాఖ్య కోర్టుకు చెప్పింది. అతడు ఈస్ట్ బెంగాల్ చొక్కాతోనే ఆడాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. పన్నెండు కోట్ల తొంభై లక్షలనేసరికి, "అన్వర్ అలీ అంత గొప్ప ఆటగాడా?" అని చాలామంది అడిగారు. ఆ లెక్కకు మూలం అతని ఆట ఒక్కటే కాదు. ఇంకా కొన్నేళ్ళు మా దగ్గర ఆడతానని ఒప్పుకున్న కాగితం మధ్యలో తెగింది. అలా తెగినందుకు కట్టిన లెక్క అది. బదిలీ రుసుమంతా ఈ కుదురులోంచే వస్తుంది. ఒప్పందంలో మిగిలిన సంవత్సరాలను ఒక క్లబ్బు వదులుకుంటుంది, ఇంకో క్లబ్బు కొనుక్కుంటుంది. ఎంత మంచి ఆటగాడైనా సరే, ఒప్పందం గడువు తీరిపోతే రుసుము సున్న. గడువు ఇంక ఆరు నెలల లోపే ఉన్నదంటే, మరో క్లబ్బుతో ముందుగానే ఒప్పందం చేసుకోవచ్చునని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నియమాలు చెబుతున్నాయి. కాబట్టి "ఇతడికి ఇంతా?" అని అడిగేముందు "ఒప్పందం ఇంకా ఎన్నేళ్ళుంది?" అని అడగాలి.

ఈ హక్కు ఆటగాళ్ళకు ఊరికే రాలేదు. ఇంగ్లండులో ఒకప్పుడు ఒప్పందం ముగిసినా క్లబ్బు తన ఆటగాణ్ణి వదలనవసరం లేదు. జార్జ్ ఈస్టమ్ అనే ఆటగాడు న్యూకాసిల్ క్లబ్బు మీద కోర్టుకెక్కాడు. ఆ పద్ధతి మనిషి బతుకుతెరువుకు అన్యాయమైన అడ్డంకి అని 1963లో తీర్పు వచ్చింది. తరువాత బెల్జియంలో జాన్ మార్క్ బోస్మన్ అనే ఆటగాడు, గడువు తీరిన తరువాత కూడా తన పాత క్లబ్బు రుసుము అడగడమేమిటని పోరాడాడు. 1995 డిసెంబరు 15న ఐరోపా న్యాయస్థానం అతని పక్షాన తీర్పు చెప్పింది.

మన జిల్లా శ్రోతలకు ఇది ఇంకా దగ్గరగా అర్థమవుతుంది. ఇటుక బట్టీలో అడ్వాన్సు తీసుకున్న కుటుంబం ఆ బాకీ తీరేదాకా కదలరాదనే పద్ధతి మనం ఎరిగినదే. దాన్ని నేరమని 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం చెప్పింది. ఆ అడ్వాన్సు కూలివాడి నెత్తిమీద అప్పు. బదిలీ రుసుము అలాంటిది కాదు. అది క్లబ్బుకూ క్లబ్బుకూ మధ్య లెక్క. ఆటగాడి జీతం దానికి వేరు. గడువు తీరితే అతడు స్వేచ్ఛాజీవి. ఈ తేడా మరచి ఆటగాణ్ణి అంగట్లో సరుకులాగా "కొన్నారు, అమ్మారు" అని మాట్లాడడం సబబు కాదని నాకు తోస్తుంది.

ఒప్పందం ఆటగాణ్ణి మాత్రమే కట్టివేసేది కాదు, క్లబ్బునూ కట్టివేస్తుంది. మన తెలుగు నేల మీదే ఉదాహరణ ఉంది. హైదరాబాద్ ఎఫ్‌సి 2019లో పుట్టింది. 2022 మార్చిలో గోవాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఆ జట్టులో ఎడమ పక్క కాపు కాసిన ఆకాశ్ మిశ్రా 2023లో బదిలీ రుసుము మీద ముంబై సిటీకి వెళ్ళాడు. ఆ రుసుమెంతో ఇరుపక్షాలూ ప్రకటించలేదు. అభిమానులు ఎవరికి తోచిన అంకె వారు చెప్పుకున్నారు. ఆ మరుసటి సీజనులో హైదరాబాద్ క్లబ్బు ఆర్థిక ఇబ్బందుల్లో పడింది. జీతాలు అందక ఆటగాళ్ళు ఒకరి వెంట ఒకరు వెళ్ళిపోయారు. రెండు నెలల జీతం బాకీ పడితే, నోటీసు ఇచ్చి పదిహేను రోజులు చూసి, ఆటగాడు న్యాయంగానే ఒప్పందం రద్దు చేసుకోవచ్చునన్నది ఫిఫా నియమం. అలా వెళ్ళినవారికి రుసుమెక్కడిది? ఛాంపియన్ జట్టు చేతిలో ఇసుకలాగా జారిపోయింది. జీతం సరిగా ఇవ్వని క్లబ్బుకు ఎంత మంచి ఆటగాడున్నా ఆస్తి కాదు.

ఇక రైలులో తమ్ముడు అడిగిన ప్రశ్నకు వద్దాం. డిఫెండర్‌కు అంత అవసరమా? చేనుకు కంచె ఉన్నంతకాలం దాన్నెవరూ తలచరు, గొడ్లు పడ్డనాడే కంచె గుర్తుకొస్తుంది. డిఫెండర్ సంగతీ అంతే. వేసిన గోలుకు లెక్క ఉంది, పడకుండా ఆపిన గోలుకు లెక్క లేదు. మన చెన్నైయిన్ జట్టు 2018 మార్చి 17న బెంగళూరులో బెంగళూరు జట్టునే 3–2 తేడాతో ఓడించి కప్పు తెచ్చింది. అందులో రెండు గోల్స్ తలతో కొట్టినవాడు మైల్సన్ ఆల్వెస్ అనే బ్రెజిల్ డిఫెండర్. ఆ రెండు గోల్స్ అందరికీ గుర్తున్నాయి. ఆ సీజనంతా అతడు వెనక నిలిచి ఆపిన బంతులు ఎవరికి గుర్తు?

అలాగని ఎక్కువ రుసుమిస్తే మంచి కంచె దొరుకుతుందన్న హామీ కూడా లేదు. 2018 జనవరిలో లివర్‌పూల్ క్లబ్బు వాన్ డైక్ అనే డిఫెండర్‌కు 7 కోట్ల 50 లక్షల పౌండ్లు పోస్తే అందరూ ముక్కున వేలేసుకున్నారు. 2019లో ఆ జట్టు ఐరోపా ఛాంపియన్ అయింది. 2020లో, ముప్ఫై ఏళ్ళ తరువాత, ఇంగ్లండు లీగ్ గెలిచింది. విమర్శించిన నోళ్ళు మూతబడ్డాయి. 2019లో మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బు హ్యారీ మగ్వైర్‌కు అంతకంటె ఎక్కువగా 8 కోట్ల పౌండ్లు ఇచ్చింది. 2023లో అతని కెప్టెన్ పదవి పోయింది. ఆ కాస్త తేడాకు ఇద్దరి ఆటలో తేడా కారణం కాదు. అమ్మే క్లబ్బుకు తొందర లేదు, కొనే క్లబ్బుకు గరజు ఉంది. సంతలో మనకు తెలిసిన సూత్రమే.

హైదరాబాదుకే చెందిన సయ్యద్ నయీముద్దీన్‌ను ఈ సందర్భంలో తలచుకోవాలి. డిఫెండర్‌గా ఈస్ట్ బెంగాల్‌కూ ఆడాడు, మోహన్ బగాన్‌కూ ఆడాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో అతని నాయకత్వంలోనే భారత జట్టు కాంస్య పతకం తెచ్చింది. అవి కోట్ల రుసుముల కాలం కాదు. చొక్కా రంగు మారినా ఆటలో నిజాయితీ మారకపోతే అభిమానులు మనిషిని గౌరవిస్తారనడానికి ఆయనే సాక్ష్యం.

చివరగా, మన ఇళ్ళకు సంబంధించిన మాట. సాయంత్రం బడి మైదానంలో వట్టి కాళ్ళతో ఆడే మన పిల్లకాయల్లో రేపు ఒకడు పెద్ద క్లబ్బుకు వెళ్ళవచ్చు. అప్పుడు వాణ్ణి మొదట తీర్చిదిద్దిన చిన్న క్లబ్బుకు ఏం దక్కుతుంది? దేశం దాటి జరిగే బదిలీల్లో రుసుములో నూటికి 5 వంతులు, ఆటగాడికి 12వ ఏడు నుంచి 23వ ఏడు దాకా శిక్షణ ఇచ్చిన క్లబ్బులు పంచుకోవాలని ఫిఫా నియమం. 12 నుంచి 15 దాకా నేర్పిన క్లబ్బుకు ఏడాదికి పావు వంతు, ఆ తరువాతి ఏళ్ళకు అర వంతు చొప్పున వస్తుంది. కోటి రూపాయల బదిలీలో నాలుగేళ్ళు నేర్పిన చిన్న క్లబ్బుకు లక్ష రూపాయలు! అది వలలకు, బంతులకు, పిల్లల బూట్లకు ఎంత ఆసరా! అయితే ఆ పిల్లవాడి పేరు ఆ క్లబ్బు తరఫున సమాఖ్య రిజిస్టరులో నమోదై ఉండాలి. నమోదు లేకపోతే వాటా అడగడానికి ఆధారం ఉండదు.

తల్లిదండ్రులకు మరీ ముఖ్యమైనది ఇంకొకటి. మనం ఇంట్లో తెలుగు మాట్లాడతాం, పిల్లలు బడిలో తమిళం చదువుతారు, సంతకం పెట్టమని వచ్చే కాగితం మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లవాడి ఒప్పందం మూడేళ్ళకు మించి చెల్లదని ఫిఫా నియమాలు చెబుతున్నాయి. ఎన్నేళ్ళు, జీతమెంత, గాయమైతే వైద్యం ఎవరిది, చదువు మాటేమిటి, మధ్యలో బయటికి రావాలంటే ఏం చెయ్యాలి అనే ఈ అయిదు ప్రశ్నలకు జవాబులు ఆ కాగితంలో ఎక్కడున్నాయో తెలిసినవారిచేత చదివించుకుని, మీ భాషలో చెప్పించుకుని, ఆ తరువాతే సంతకం పెట్టండి. ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. "పెద్ద క్లబ్బు గదా, మోసం చేస్తారా" అని మొహమాటపడకండి. ఒప్పందంలో మొహమాటానికి చోటు లేదు.

కాబట్టి రైలులో వాదించుకునే తమ్ముళ్ళకు నా మనవి ఒక్కటే. వాదించుకోండి, ఆటకు అది అందమే. కాని ఈసారి ఒక డిఫెండర్‌కు ఇన్ని కోట్లన్న వార్త వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒప్పందంలో ఎన్నేళ్ళు మిగిలాయి? ఆ డబ్బు ఎవరి చేతికి పోతున్నది? మొదట నేర్పినవారికి అందులో ఏమైనా దక్కిందా? అప్పుడు అంకె వెనక ఉన్న మనిషి కనబడతాడు.