మెరుపు తరంగాల నిఘా

మెరుపు మెరిసిన ప్రతిసారీ వెలువడే రేడియో తరంగాలు నేలకూ, అయనావరణం అనే విద్యుదావేశం గల పైపొరకూ మధ్య భూమిని చుట్టివస్తూ, సెకనుకు సుమారు 8 సార్లు కంపించే అనునాదాన్ని కలిగిస్తాయని 1952లో జర్మన్ శాస్త్రవేత్త షూమన్ లెక్కగట్టారు. ఆ కంపనం మనిషి నిద్రనూ మనసునూ శాసిస్తుందన్న ప్రచారానికి తగిన రుజువు లేదు. మెరుపు తరంగాలపై నిఘా ప్రాణాలు కాపాడగలదన్నది మాత్రం నిజం. పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ నెలకొల్పిన సెన్సర్లు, ఒకే మెరుపు తరంగం ఒక్కో కేంద్రాన్ని చేరిన వేళల్లోని సూక్ష్మమైన తేడాను బట్టి పిడుగు పడిన చోటును గుర్తించగా, ‘దామిని’ యాప్ దాని ఆధారంగా హెచ్చరికను ఫోనుకు చేరుస్తుంది. గుమ్మలక్ష్మీపురం కొండల్లో పోడు చేలో ఉన్నవారికీ, పశువుల కాపరులకూ సిగ్నల్ లేనిచోట అది అందదు గనుక, ఉరుము వినబడగానే చెట్టు కింద నిలబడక పక్కా ఇంట్లోకి చేరి, చివరి ఉరుము తరువాత అరగంట వరకు బయటికి రాకూడదు.