ఉత్తరించు స్థలము

తెలుగు కతోలికులు ఏటేట నవంబరు 2వ తేదీన సమాధులకడ క్రొవ్వొత్తులు వెలిగించి ప్రార్థించుట పలువురెరిగినదే. దైవానుగ్రహమున మరణించియు సంపూర్ణశుద్ధి నొందని ఆత్మలు స్వర్గప్రవేశమునకు ముందు పరిశుద్ధములగు దశను వారు ఉత్తరించు స్థలమందురు. ఇది నరకమునకు ముంగిలి కాదు. అచటి ఆత్మలకు మోక్షము నిశ్చయము. 1439లో ఫ్లోరెన్సు మహాసభయు, 1563లో ట్రెంటు మహాసభయు ఈ విశ్వాసమును ధ్రువపరచి, జీవించియున్నవారి ప్రార్థనలును, విశేషించి పూజాబలియు ఆ ఆత్మలకు తోడ్పడునని బోధించినవి; అచటి అగ్నిజ్వాలలను మాత్రము, సభలకంటె చిత్రకారులే విరివిగా ప్రజ్వలింపజేసిరి! ఉత్తరించు స్థలమున కాధారమని కతోలికులు చూపు మక్కబీయుల రెండవ గ్రంథమును ప్రొటెస్టెంటులు ప్రామాణికముగా నంగీకరింపరు. కనుకనే ఇరుగుపొరుగు క్రైస్తవులలోనే ఈ విషయమున ఏకీభావము లేదు. 1915లో పదునైదవ బెనెడిక్టు పోపు, నవంబరు 2వ తేదీన ప్రతి గురువును మూడు పూజలు సమర్పించుటకు అనుమతి నొసగెను.